కొట్టివేతలు లేని చిట్టా

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యులకు, కార్యదర్శులకు జరిగిన ఒకరోజు శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం డాక్టరుగారు పొదుగువాపు వ్యాధి గురించి చక్కగా చెప్పారు. మీరంతా శ్రద్ధగా విన్నారు. భోజనాలైన తర్వాత లెక్కల ఉపన్యాసం పెట్టడం న్యాయం కాదని నిర్వాహకులకు మనవి చేశాము. వారు వినలేదు. కాబట్టి నిద్ర వచ్చినవారు నిద్రపోవచ్చును. పాల చీటీ గురించి చెప్పేటప్పుడు మాత్రం పక్కవారు దయచేసి లేపగలరు. ఆ సంగతి మీ డబ్బుకు సంబంధించినది.

మేము సహకార శాఖలో చేరి ఇరవై ఎనిమిది సంవత్సరాలు దాటినవి. మా చదువు సహకార నిర్వహణలో డిప్లొమా. చిట్టా, ఆవర్జా, రొక్కపు నిల్వ, దాణా స్టాకు, ఇవి చూడడమే మా వృత్తి. ఇటువంటి మేము యాభై మూడవ ఏట కంప్యూటరు ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాము. అందులోనూ ఈవెంట్ల మీద నడిచే మైక్రోసర్వీసులు, స్ట్రీము ప్రాసెసింగు అనే భాగం. ఇన్‌స్పెక్టరుకు ఈ వయసులో ఇదెందుకని మా ఆఫీసులో నవ్వినవారు ఉన్నారు. ఎందుకో ముందుగా చెబుతాము.

2022 వానాకాలంలో మేము తనిఖీ చేసే ఒక సంఘంలో ఐదు రోజులపాటు కరెంటు, ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉన్నాయి. పాలు కొలిచే మిషను ప్రతి పద్దునూ పై ఆఫీసు కంప్యూటరుకు పంపుతుంది. అందినట్లు జవాబు రాకపోతే మళ్ళీ పంపుతుంది. ఆ ఐదు రోజులలో చాలా పద్దులు అక్కడికి రెండేసి సార్లు చేరాయి. బిల్లు ఎక్కువ పడింది. తర్వాతి పక్షంలో సంగతి బయటపడి, అదనంగా ఇచ్చినది తిరిగి వసూలు చేయమని జాబితా వచ్చింది. ఒక సభ్యునికి ఒక పూటకు ఒకటే పద్దు ఉండాలి, రెండోది దొంగ పద్దు, అనే సూత్రం మీద ఆ జాబితా తయారైనది. రెండు పద్దులున్న చోట ఒకటి ఉంచి మరొకటి తీసివేశారు. మేము ఆ జాబితా మీద సంతకం చేశాము.

వారం తర్వాత ఒక సభ్యురాలు చీటీల కట్ట కొంగున ముడివేసుకుని వచ్చింది. ఆమెకు ఒక గేదె, ఒక ఆవు. ఆ సంఘంలో గేదె పాలు, ఆవు పాలు విడివిడిగా పోస్తారు. పూటకు రెండు చీటీలు వస్తాయి. "సారూ, గేదె పాలు ఒక క్యాను, ఆవు పాలు ఒక క్యాను. మీ కంప్యూటరుకు రెండూ ఒకటేనా?" అని అడిగింది. తొమ్మిది పూటలు, పూటకు 5 లీటర్లు, లీటరు 48 రూపాయలు. అంతా కలిపి 2,160 రూపాయలు ఆమె బిల్లులో కోత పడింది. ఆమె చేతిలో ఉన్న చీటీల నంబర్లు వేరువేరుగా ఉన్నాయి. మేము వెళ్ళి కంప్యూటరులో చూపించమన్నాము. తీసివేసిన పద్దులు అక్కడ లేవు. ఎవరు ఎప్పుడు తీసివేశారో కూడా లేదు. మిగిలినదే సత్యమని తెర మీద కనబడుతున్నది.

కాగితం చిట్టాలో ఒక అంకె మీద వైటనరు పూసి దిద్దితే ఆ కార్యదర్శికి మేము మెమో ఇస్తాము. అంకె మీద ఒక గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, పొట్టి సంతకం చేయాలని ఎన్ని తరగతులలో చెప్పామో లెక్క లేదు. అటువంటిది, వేల పద్దులు వైటనరు పూసినట్లు మాయమైన లెక్క మీద మేమే సంతకం చేసియున్నాము. ఆ రాత్రి మా అమ్మాయికి ఫోను చేసి ఈ కంప్యూటరు చిట్టా ఎట్లా పనిచేస్తుందో చెప్పమన్నాము. ఆమె హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నది. "నాన్నా, చెబితే అర్థం కాదు, కట్టి చూడాలి" అని ఒక సాయంత్రం తరగతిలో చేర్పించింది. అందులో మిగిలినవారంతా పాతికేళ్ళలోపువారు. మమ్మల్ని మొదటిరోజు పిల్లల తండ్రి అనుకున్నారు.

ఇక విషయానికి వద్దాము.

ఈవెంటు అనగా జరిగిపోయిన సంగతి. "ఫలానా తేదీ ఉదయం పూట 112వ నంబరు సభ్యురాలి నుండి గేదె పాలు 5 లీటర్లు కొలవబడినవి, వెన్న 6.8 శాతం" అన్నది ఈవెంటు. "బిల్లు కట్టుము" అన్నది ఈవెంటు కాదు, అది ఆజ్ఞ. ఆజ్ఞను కాదనవచ్చు, వాయిదా వేయవచ్చు. జరిగిన దానిని కాదనలేము. మా గురువుగారు, ఆయనకు ముప్పై ఏళ్ళుంటాయి, ఈ తేడా చెప్పడానికి ఒక గంట తీసుకున్నారు. మాకు రెండు నిమిషాలు పట్టింది. చిట్టాకు, ఆవర్జాకు ఉన్న తేడాయే అది. జరిగిన వరుసలో రాసుకుంటూ పోయేది చిట్టా. సభ్యునివారీగా నిల్వ చూపేది ఆవర్జా. ఆవర్జా కాలిపోతే చిట్టా నుంచి మళ్ళీ రాసుకోవచ్చు. చిట్టా కాలిపోతే ఆవర్జాను నమ్మడం తప్ప గతి లేదు. ఆ సభ్యురాలి విషయంలో జరిగినది ఇదే. ఆ కంప్యూటరులో ఆవర్జా ఒక్కటే ఉన్నది, చిట్టా లేదు.

ఇక మైక్రోసర్వీసు అనే మాట. ఒకే పెద్ద ప్రోగ్రాము పాలు కొలవడం, బిల్లు కట్టడం, దాణా బాకీ మినహాయించడం, పశు బీమా వాయిదా పట్టుకోవడం, ఫోనుకు సందేశం పంపడం అన్నీ చేస్తుంటే, ఒక మూల మరమ్మతు వచ్చినప్పుడు అన్నీ ఆగుతాయి. అందుకని ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాము రాసి, దేని పుస్తకం దానికి ఉంచుతారు. ఇంతవరకు బాగానే ఉన్నది. ఇవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీరులో చిక్కు వస్తుంది. కొలిచే చోట ఉన్న మనిషి ప్రతి క్యానుకూ దాణా గుమాస్తాకు ఒక ఫోను, బీమా గుమాస్తాకు ఒక ఫోను చేసి, వారు సరేననే వరకు నిలబడితే ఏమవుతుంది? దాణా గుమాస్తా సెలవు పెట్టిన రోజున వరుసలో నిలబడిన పాలు విరిగిపోతాయి. ముక్కలు చేసినందువల్ల లాభం లేకపోగా నష్టం.

చిట్టా పద్ధతిలో అట్లా కాదు. కొలిచినవాడు చిట్టా చివర ఒక పద్దు రాసి తరువాతి క్యాను తీసుకుంటాడు. ఎవరికి కావలెనో వారు వచ్చి చదువుకుంటారు. బిల్లు గుమాస్తా ఇప్పుడే చదవవచ్చు, బీమా గుమాస్తా రేపు వచ్చి చదవవచ్చు. పుస్తకంలో నెమలీక పెట్టుకున్నట్లు ఎవరు ఎంతవరకు చదివారో ఎవరి గుర్తు వారికి ఉంటుంది. ఒకరి నెమలీక ఇంకొకరికి అడ్డం రాదు. దానిని ఆఫ్‌సెట్టు అంటారు. పేరు ఏదైనా పని నెమలీకదే.

ఈ పని పెద్ద ఎత్తున చేసే సాధనాలలో పేరు పొందినది అపాచీ కాఫ్కా. అమెరికాలోని లింక్డ్‌ఇన్ కంపెనీలో జే క్రెప్స్, నేహా నర్ఖేడే, జున్ రావ్ అనే ఇంజనీర్లు దీనిని తయారుచేశారు. వీరిలో నేహా నర్ఖేడే పుణెలో చదువుకుని వెళ్ళినవారు. 2011లో దీనిని అందరూ ఉచితంగా వాడుకొనేటట్లు విడుదల చేశారు. కాఫ్కా అన్నది ఒక రచయిత పేరు. రాయడానికి అనువుగా కట్టిన వ్యవస్థ గనుక రచయిత పేరు పెట్టామని క్రెప్స్ చెప్పారు. వారి కంపెనీలో ప్రతి శాఖ నుంచి ప్రతి శాఖకు విడిగా దారులు వేసుకుంటూ పోవడంవల్ల చిక్కుముడి పడింది. మన లెక్కలో చెప్పాలంటే, పాలు కొలిచే చోట్లు 40, ఆ లెక్క కావలసిన శాఖలు 5 ఉంటే, విడివిడిగా వేసే దారులు 200. మధ్యలో ఒక చిట్టా పెడితే 45 చాలును.

ఇక్కడ మా అభిప్రాయం ఒకటి చెప్పవలసియున్నది. ఎనభై మంది సభ్యులున్న సంఘానికి ఇవేవీ అక్కర లేదు. ఒక మిషను, ఒక రిజిస్టరు, నిజాయితీ గల కార్యదర్శి చాలును. పై స్థాయిలో, వందల సంఘాల పద్దులు ఒకచోట చేరే దగ్గరనే దీని అవసరం. మా తరగతిలో కుర్రవాళ్ళు ఒక చిన్న కిరాణా కొట్టు లెక్కను పదకొండు సర్వీసులుగా విడగొట్టి, ఏ ముక్క ఎక్కడ ఆగిందో వెతకడానికి రెండు వారాలు తిరిగారు. మేము కూడా మొదట పాల లెక్కను ఏడు ముక్కలు చేశాము. చివరకు మూడు చేసుకున్నాము. పాల పద్దు, బిల్లు, సందేశం. దాణా, బీమా బిల్లులోనే ఉన్నాయి. దాణా గుమాస్తా, బిల్లు గుమాస్తా ఒకే బల్ల దగ్గర కూర్చునేటప్పుడు వారి మధ్య గోడ కట్టడమెందుకు?

కట్టేటప్పుడు మేము చేసిన తప్పులు కూడా చెబుతాము. మీకు పనికివస్తాయి. ఏ కంపెనీ మీకు మిషను అమ్మినా, ఏ ఆఫీసు మీ లెక్క చూసినా, అడగవలసిన ప్రశ్నలు వీటిలోనే ఉన్నాయి.

పెద్ద చిట్టాను ఒకే పుస్తకంగా ఉంచితే రాసేవారు, చదివేవారు తోసుకుంటారు. కాబట్టి నదిని పాయలు చేసినట్లు దానిని పాయలుగా విడగొడతారు. ఒక పాయలో రాసిన వరుస తప్పదు. రెండు పాయల మధ్య ఏది ముందో ఏది వెనుకో హామీ లేదు. ఏ పద్దు ఏ పాయలోకి పోవాలో మనం చెప్పాలి. మేము తేదీని బట్టి విడగొట్టాము. తెలివైన పనే అనుకున్నాము. ఒక రోజు పాలన్నీ ఒకే పాయలో పడి మిగిలినవి ఎండిపోయాయి. అంతకన్నా చెడ్డది ఇంకొకటి. ఒక సభ్యుని వెన్న శాతం 8.6 అని తప్పుగా ఎక్కింది, సరైనది 6.8. మర్నాడు దిద్దుబాటు పద్దు పంపాము. అది వేరే పాయలో పడి, అసలు పద్దు కంటే ముందే బిల్లుకు చేరింది. రద్దు చేయడానికి పద్దు లేదని బిల్లు సర్వీసు దానిని వదిలివేసింది. వెనుక వచ్చిన తప్పు పద్దు దర్జాగా కూర్చున్నది. సభ్యుని నంబరును బట్టి విడగొట్టిన తర్వాత ఒక సభ్యుని సంగతులన్నీ ఒకే పాయలో, రాసిన వరుసలోనే నడిచాయి.

దిద్దుబాటు పద్దు అన్నాము. చిట్టాలో ఉన్న 8.6ను చెరిపి 6.8 చేయకూడదు. "ఫలానా నంబరు పద్దు రద్దు" అని ఒకటి, సరైన పద్దు మరొకటి చివరన రాయాలి. ఇటలీలో లూకా పాసియోలి జంటపద్దుల విధానాన్ని అచ్చువేసినది 1494లో. అప్పటినుంచి లెక్కలు రాసేవారు తప్పును ఎదురు పద్దుతోనే సరిచేస్తున్నారు. కంప్యూటరువారు దీనిని కొత్త సిద్ధాంతంగా చెబుతుంటే మాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

పద్దు రెండుసార్లు రావడం గురించి ఇప్పుడు చెబుతాము. నిద్రపోయినవారిని లేపగలరు.

ఉత్తరం రాశారు, జవాబు రాలేదు. ఉత్తరమే అందలేదా, అందినా జవాబు దారిలో పోయిందా? రాసినవారికి తెలిసే మార్గం లేదు. రెండే దారులు. ఊరుకుంటే సంగతి చేరకపోవచ్చు. మళ్ళీ రాస్తే రెండుసార్లు చేరవచ్చు. మిషనుకూ ఇదే గతి. చదివే వైపు కూడా ఇదే. బిల్లు సర్వీసు పద్దు చదివి బిల్లులో కలిపింది, నెమలీక ముందుకు జరిపేలోపల కరెంటు పోయింది. లేచిన తర్వాత అదే పద్దు మళ్ళీ చదువుతుంది. పోనీ, ముందు నెమలీక జరిపి తర్వాత కలుపుదామంటే, మధ్యలో కరెంటు పోతే ఆ పద్దు ఎప్పటికీ కలవదు. పాలు పోసిన రైతుకు పద్దు పోవడం కంటే రెండుసార్లు రావడం మేలు, ఎందుకంటే రెండోసారి వచ్చినదానిని గుర్తుపట్టవచ్చు. గుర్తుపట్టే పద్ధతి సరైనదై ఉండాలి, అంతే.

రెండు పద్దులు ఒకేలా ఉన్నాయి గనుక ఒకటి దొంగదని ఊహించడం సరైన పద్ధతి కాదు. పద్దు పుట్టిన చోటనే దానికి ఒక పేరు పెట్టాలి. సంఘం కోడు, మిషను నంబరు, తేదీ, పూట, చీటీ వరుస నంబరు కలిపితే ఆ పేరు. మిషను అదే పద్దును పదిసార్లు పంపినా ఆ పేరు మారదు. గేదె పాల చీటీకి, ఆవు పాల చీటీకి పేర్లు ఎన్నడూ ఒకటి కావు. బిల్లు సర్వీసు ఒక పేరును కలిపిన తర్వాత, అదే పేరు మళ్ళీ వస్తే "చూశాము" అని పక్కన పెడుతుంది. పేరు రాసుకోవడం, బిల్లులో కలపడం రెండూ ఒకే చేతితో, ఒకేసారి జరగాలి. ఒకటి జరిగి రెండోది ఆగే సందు ఉండకూడదు. 2017లో వచ్చిన 0.11 వెర్షను నుంచి కాఫ్కాలో "సరిగ్గా ఒక్కసారి" అనే ఏర్పాటు ఉన్నది. దానిని చూసి మేము నిశ్చింతగా ఉన్నాము. అది కాఫ్కా లోపలి చిట్టాలకు మాత్రమే హామీ అని, బయట బ్యాంకుకు పంపే డబ్బుకు, ఫోనుకు పంపే సందేశానికి మన కాపలా మనమే పెట్టుకోవాలని తరువాత తెలిసింది.

ఎట్లా తెలిసిందంటే, ఒక ఆదివారం పరీక్ష కోసం చిట్టా మొదటి నుంచి మళ్ళీ చదివించాము. ఆవర్జా తిరిగి కట్టుకోవడం ఈ పద్ధతిలోని గొప్ప సదుపాయం కదా. బిల్లులు చక్కగా తయారైనవి. సందేశం సర్వీసు నెమలీక కూడా వెనక్కి జరిగిందన్న సంగతి మరిచాము. పరీక్షకని ఇచ్చినది మా ఇంట్లో వారి ఫోను నంబరు. "మీ పాల బిల్లు జమ అయినది" అని వరుసగా 212 సందేశాలు వెళ్ళినవి. సందేశాలే గాని ఒక్క రూపాయి రాలేదని ఆమె ఇప్పటికీ అంటారు.

ఇంకొక పాఠం మాకు కష్టంగా తగిలినది. కొట్టివేతలు లేని చిట్టా అని మేము ఊరంతా చెప్పుకుంటున్నాము. మూడు వారాల తర్వాత మొదటి వారం పద్దులు చూద్దామని తెరిస్తే లేవు. ఎవరూ చెరపలేదు. కాఫ్కాలో మనం ఏమీ చెప్పకపోతే పద్దులు ఉంచే గడువు ఏడు రోజులు. ఆ తర్వాత అదే తీసివేస్తుంది. ఆ గడువు మార్చుకోవచ్చు, అసలు లేకుండా కూడా చేసుకోవచ్చు. మార్చాలని తెలిసినవాడు ఉండాలి. ఏడు రోజులు దాటిన పద్దు గురించి పదిహేను రోజుల బిల్లు వచ్చాక సభ్యుడు అడుగుతాడు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి.

స్ట్రీము ప్రాసెసింగు అనగా పక్షం చివర కూర్చుని లెక్క కట్టకుండా, పద్దు వచ్చినది వచ్చినట్లే లెక్క నడపడం. దీనికి అపాచీ ఫ్లింక్ అనే సాధనం ఉన్నది. 2016 నుంచి కాఫ్కాతోనే వచ్చే కాఫ్కా స్ట్రీమ్స్ ఉన్నది. మేము రెండవది వాడాము. ఉపయోగం ఏమిటంటే, సంఘాలు పంపిన పాల మొత్తాన్ని, శీతలీకరణ కేంద్రంలో దిగిన పాల మొత్తాన్ని పూటపూటకూ పోల్చి, తేడా వస్తే అదే రోజున తెలియజేయవచ్చు. లారీ డ్రైవరు, కార్యదర్శి, కేంద్రం గుమాస్తా ముగ్గురికీ జ్ఞాపకం ఉండగానే తేలుతుంది. పదిహేను రోజుల తర్వాత అడిగితే ముగ్గురూ మూడు దిక్కులు చూస్తారు. ఒక పశువు పాలు వరుసగా మూడు పూటలు ఉన్నట్టుండి తగ్గితే డాక్టరుగారికి కబురు పంపవచ్చు. ఉదయం వారు చెప్పిన పొదుగువాపును తొందరగా పట్టుకోవడానికి ఇదొక ఆసరా.

ఇందులో చిక్కు కాలానిది. కొండవార ఊళ్ళలో సిగ్నలు ఉండదు. ఉదయం ఆరింటికి కొలిచిన పాల పద్దు సాయంత్రం ఏడింటికి చేరుతుంది. చేరిన గంటను బట్టి లెక్క కడితే ఆ ఊరికి ఉదయం పాలు సున్న, సాయంత్రం పాలు రెట్టింపు. కార్యదర్శి మీద అనుమానం రావడానికి ఇంతకంటే ఏమి కావాలి? కాబట్టి కొలిచిన కాలం వేరు, చేరిన కాలం వేరు. లెక్క కొలిచిన కాలాన్ని బట్టి కట్టాలి. అయితే ఉదయం పూట లెక్క ఎప్పుడు ముగించాలి? ఆలస్యంగా వచ్చేవారి కోసం ఎంతసేపు తలుపు తెరిచి ఉంచాలి? "ఈ గంట వరకు జరిగినవి దాదాపు అన్నీ వచ్చేశాయి" అని వ్యవస్థ వేసుకునే గీతను వాటర్‌మార్కు అంటారు. గూగుల్ ఇంజనీర్లు 2015లో రాసిన ఒక పత్రంలో ఈ సంగతి విపులంగా చర్చించారు. గీతను తొందరగా వేస్తే ఆలస్యపు పద్దులు బయట పడతాయి. ఆలస్యంగా వేస్తే లెక్క తేలదు. దీనికి గణితంలో సమాధానం లేదు, ఊరిని బట్టి నిర్ణయం చేసుకోవాలి. మేము పోలిక లెక్కకు పన్నెండు గంటలు, బిల్లుకు పక్షం ముగిసిన తర్వాత రెండు రోజులు పెట్టాము. అప్పటికీ చేరని పద్దు పారవేయబడదు, వచ్చే బిల్లులో "వెనుకటి పక్షం పాలు" అని విడి వరుసలో పడుతుంది.

చెడ్డ పద్దుల సంగతి త్వరగా చెబుతాము. వెన్న 6.8కి బదులు 68 అని వచ్చినదనుకోండి. దాని దగ్గర ఆగిపోతే వెనుకనున్న సభ్యులందరి పద్దులూ ఆగుతాయి. పారవేస్తే ఆ సభ్యునికి అన్యాయం. విడిగా ఒక రిజిస్టరులో పెట్టి ముందుకు సాగాలి. ఆ రిజిస్టరును రోజూ చూసే మనిషి పేరు గోడ మీద రాసి ఉండాలి. ఇట్లాంటి ఏర్పాటు చేసి, చూసే మనిషిని పెట్టనిచోట అది చెత్తబుట్ట కిందనే లెక్క.

తరగతి చివర ప్రతివారూ ఒక పని కట్టి చూపించాలి. మేము ఆ ఐదు రోజులనే తీసుకున్నాము. ఆ సంఘంలో ఇల్లిల్లూ తిరిగి సభ్యుల దగ్గర దొరికిన చీటీలు 412 పోగుచేశాము. కొన్ని గూట్లో దీపం వెనుక, కొన్ని పిల్లవాడి లెక్కల పుస్తకంలో, కొన్ని బియ్యం డబ్బాలో దొరికినవి. వాటిని చేత్తో ఎక్కించి, కావాలని కొన్ని రెండుసార్లు, కొన్ని వరుస తప్పించి, కొన్ని ఆలస్యంగా పంపి చూశాము. చీటీ పేరును బట్టి లెక్క కట్టినప్పుడు ఆ సభ్యురాలి 2,160 రూపాయలు నిలిచినవి. ఆమె ఒక్కతే కాదు, గేదె పాలు, ఆవు పాలు రెండూ పోసే ఇళ్ళు ఆ సంఘంలో ఆరు ఉన్నాయి. ఆరుగురికీ కోత పడింది. మిగిలిన ఐదుగురూ అడగలేదు. కంప్యూటరు తప్పు చెప్పదని అనుకున్నామన్నారు.

శీతలీకరణ కేంద్రంలో ఆ రోజులలో దిగిన పాల లీటర్లను కూడా తీసుకుని చూశాము. పద్దులు తీసివేసిన లెక్క దానికంటే బాగా తక్కువగా ఉన్నది. అంటే పాలు దిగినవి, పద్దు లేదు. ఎవరి పాలో మాత్రం ఆ మొత్తం చెప్పలేదు. చీటీ ఒక్కటే చెప్పగలదు. చీటీలున్న నలుగురి కాగితాలు జతచేసి, మా సంతకం పొరపాటున పడినదని రాసి పైకి పంపాము. ఏడు నెలలకు ఆ నలుగురికి డబ్బు తిరిగి జమ అయినది. చీటీలు దాచుకోని ఇద్దరికి రాలేదు. వారి కోసం మరొకసారి రాసియున్నాము.

ఇప్పుడు మీ అందరితో ఒక పని ఉన్నది. మీ జేబులో, సంచిలో ఈరోజు ఉదయం చీటీ ఉంటే బయటకు తీయండి. కింది భాగంలో వరుస నంబరు ఉంటుంది. లేకపోతే మీ మిషను నంబరు వేయడం లేదని అర్థం, ఆ సంఘం పేరు ముందుగా మాకు రాసి ఇవ్వండి. నంబరు ఉన్నవారికి ఇంకొక పరీక్ష. మొన్న ఒక సంఘంలో పూట మధ్యలో కాగితం చుట్ట అయిపోయి కొత్తది వేశారు. నంబరు మళ్ళీ 1 నుంచి మొదలైంది. అప్పుడు ఆ పూట మొదటి చీటీకీ, చుట్ట మార్చిన తర్వాతి మొదటి చీటీకీ ఒకే పేరు వస్తుంది. మేము ఇంతసేపు చెప్పిన పద్ధతి ఎంత సక్రమంగా కట్టినా, రెండో సభ్యుని పాలను "చూశాము" అని పక్కన పెట్టేస్తుంది. కార్యదర్శులు ఈ సాయంత్రం పూట నాలుగు చీటీలు అచ్చయిన తర్వాత మిషనును ఒకసారి ఆపి మళ్ళీ వేయండి. చుట్ట కూడా ఒకసారి తీసి పెట్టండి. తరువాతి చీటీ మీద 5 వచ్చిందా, 1 వచ్చిందా చూసి, మిషను తయారీ పేరుతో సహా శనివారంలోపల మాకు తెలియజేయగలరు. ఫోనులో చెప్పినా సరే, కార్డు ముక్క రాసినా సరే.